పడుకుంటే పెరిగే నొప్పి

"రొమ్ముల పొడుస్తున్నది సారూ. పండుకుంటే ఎక్కువైతున్నది. లేసి ముందుకు వంగి కూసుంటే జర నయమనిపిస్తది. ఇది గుండెపోటా, గ్యాసా?"

గద్వాలలోనో, వనపర్తిలోనో, నాగర్‌కర్నూలులోనో ఆస్పత్రి ఓపీ వరండాలో కాసేపు కూర్చుంటే ఇలాంటి మాట ఎప్పుడో ఒకప్పుడు చెవిన పడుతుంది. అడిగేవాళ్లకు తెలిసిన జవాబులు రెండే. గుండెపోటైతే ఇంటిల్లిపాదీ ఏడుపు, గ్యాసైతే ఓ గోళీ. ఆ రెంటికీ చెందని మూడో జవాబు ఒకటుంది. ఈ అధ్యాయం దాని గురించే. ఆ మనిషి మాటలు మళ్లీ ఒకసారి చదవండి. పడుకుంటే ఎక్కువ, వంగి కూర్చుంటే తక్కువ అంటున్నాడు. తన జబ్బు ఏమిటో తనకు తెలియకుండానే సగం చెప్పేశాడు.

ముందుకు పోయే ముందు ఒక్కమాట. ఛాతీలో నొప్పి మొదలైతే అది గుండెపోటు కాదని తేల్చాల్సింది డాక్టరూ ఈసీజీ యంత్రమూ. ఇంట్లోవాళ్లు గానీ, ఈ పుస్తకం గానీ తేల్చలేవు. ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. తక్కినదంతా ఆ తర్వాత మాట్లాడుకుందాం.

మేకగుండె మీది పొర

ఆదివారం పొద్దున మటన్ దుకాణం ముందు నిలబడే ఉంటారు. దుకాణదారు మేక ఛాతీని చీల్చి గుండెకాయను బయటికి తీసేటప్పుడు ఈసారి జాగ్రత్తగా చూడండి. గుండె నేరుగా కనిపించదు. పాలిపోయిన తెల్లటి పొర ఒకటి దాన్ని సంచిలా కప్పి ఉంటుంది. కత్తిమొనతో చిన్న గాటు పెట్టి, వేలు దూర్చి, ఒక్క గుంజుతో ఆ సంచిని ఒలిచి పక్కన పడేస్తాడు. ఒలిచేటప్పుడు లోపలినుంచి కొద్దిగా పల్చటి నీరు కారి అతని వేళ్లు తడుస్తాయి. గుండె తక్కెట్లోకి పోతుంది, సంచి చెత్తబుట్టలోకి. మనిషి గుండెకూ అచ్చం అలాంటి సంచే ఉంది. దాన్ని వైద్యగ్రంథాలు హృదయావరణం అంటాయి, డాక్టర్లు పెరికార్డియం అంటారు. కొలిమి దగ్గర తోలుతిత్తిని చూసినవాళ్లకు సులువుగా తెలియాలని నేను గుండెతిత్తి అంటాను.

ఈ తిత్తిది ఒక్క పొర కాదు. బయటిది మందం, గట్టిదనం ఉన్న పొర. అది కింద ఊపిరితిత్తుల అడుగున ఉండే విభాజక కండరానికి, ముందు రొమ్ముఎముకకు తగులుకొని గుండెను అటూ ఇటూ జారిపోకుండా పట్టి ఉంచుతుంది. లోపలిది పల్చటి పొర. ఇది బయటి పొరకు అస్తరులా అంటుకొని, పైదాకా వెళ్లి, అక్కడ మడతపడి తిరిగి గుండె మీదికి దిగుతుంది. సగం గాలి ఊదిన బుగ్గలోకి మీ పిడికిలిని నొక్కండి. పిడికిలికి తాకే రబ్బరు ఒక పొర, బయటికి కనిపించేది రెండో పొర, మధ్యలో సన్నటి సందు. పిడికిలి గుండె. ఆ సందులో గాలికి బదులు నీరు ఉంటుందనుకోండి, అంతే.

ఆ నీరు ఎంత? 15 నుంచి 50 మిల్లీలీటర్లు, అంటే మూడు చెంచాల నుంచి పది చెంచాల దాకా. గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. కొట్టుకున్న ప్రతిసారీ పక్కనున్న పొరకు రాసుకుంటుంది. బండి ఇరుసుకు కందెన ఎందుకో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ మూడు చెంచాల నీళ్లే ఈ ఇరుసుకు కందెన. పుట్టిన దగ్గర్నుంచి ఒక్కరోజు కూడా అది మనకు గుర్తు రాదు. పాడైన రోజే తెలుస్తుంది.

గంజి పట్టిన పొరలు

కాలిలో ముల్లు విరిగితే ఏమవుతుంది? చుట్టూ ఎర్రబడుతుంది, కాగుతుంది, ఉబ్బుతుంది, సలుపుతుంది. ముల్లు చేసింది చిన్న గాయం, తక్కినదంతా ఒంటి రక్షణదళం చేసే హడావిడి. రక్తనాళాల గోడలు వదులై తెల్లకణాలూ నీరూ ఆ చోటికి ఊరుతాయి. డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అనే ఈ పనిని మనవాళ్లు ఒక్కమాటలో 'వాపు' అన్నారు. మంట కూడా కలిసిన వాపు అని గుర్తుంచుకుంటే చాలు. అదే పని గుండెతిత్తిలో జరిగితే తిత్తివాపు, డాక్టర్ల మాటలో పెరికార్డైటిస్.

కాలైతే ఉబ్బడానికి చోటుంది. అటు గుండె, ఇటు రొమ్ముఎముక ఉన్నచోట వాపు వస్తే వేరే సంగతి. నున్నగా ఉండాల్సిన పొరల మీదికి రక్తంలోని జిగట పదార్థం ఊరి పోగులు పోగులుగా పేరుకుంటుంది. మగ్గం పనివాళ్లకు ఈ దృశ్యం ఇట్టే అర్థమవుతుంది. చిక్కటి గంజి పెట్టిన రెండు గుడ్డల్ని ఒకదానిమీద ఒకటి వేసి, అవి ఆరకముందే విడదీయబోతే చిరచిరమంటూ గరుకుగా లేస్తాయి చూడండి, తిత్తి పొరలూ అంతే. నిమిషానికి డెబ్భైసార్లు ఆ గరుకు గరుకును రాస్తుంటే కత్తితో పొడిచినట్టు ఉండక ఏం చేస్తుంది?

పడుకుంటే ఎందుకు పెరుగుతుందో ఇప్పుడు చెప్పొచ్చు. వెల్లకిలా పడుకున్నప్పుడు గుండె వెనక్కి ఒరిగి, మంటపట్టిన పొరలు సాగుతాయి. లేచి ముందుకు వంగితే ఆ లాగుడు తగ్గుతుంది. నిండుగా ఊపిరి పీల్చినా, దగ్గినా నొప్పి గుచ్చుతుంది, ఎందుకంటే తిత్తికి పక్కనే ఊపిరితిత్తుల పొర ఆనుకొని ఉంటుంది. గుండెపోటు నొప్పి సాధారణంగా ఇలా ఉండదు. బండరాయి పెట్టినట్టు బరువుగా ఉంటుంది, కూర్చున్నా పడుకున్నా మారదు.

ఇంకో వింత ఉంది. ఈ జబ్బున్న చాలామంది మెడకూ భుజానికీ మధ్య, బరువు మోసేటప్పుడు కావడిబద్ద ఆనే కండమీద నొప్పి అంటారు. గుండెకూ కావడి మోసే చోటికీ ఏం సంబంధం? ఉంది. తల్లి కడుపులో గుండె మొదట తయారయ్యేది మెడ దగ్గర. తర్వాత అది కిందికి దిగి ఛాతీలోకి వలస పోతుంది. పోతూ పోతూ మెడనుంచి వచ్చే నరాన్ని వెంట లాక్కుపోతుంది. పాలమూరు మనిషి ముంబైలో ఇరవై ఏళ్లు ఉన్నా అతని పేర వచ్చే కాగితం సొంతూరి చిరునామాకే వస్తుంది కదా! గుండెతిత్తి నొప్పి కబురూ అంతే, పుట్టినచోటికి చేరుతుంది. నాకైతే మన ఒంటి గురించి తెలుసుకున్న విషయాల్లో ఇంతకన్నా మనసుకు పట్టింది లేదు.

కొత్త చెప్పుల కిర్రు

పారిస్‌లో 1816లో లెనెక్ అనే వైద్యుడు కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి ఛాతీమీద ఆనించి విన్నాడు. స్టెతస్కోప్ అలా పుట్టింది. ఆయన దగ్గర పనిచేసిన విక్తోర్ కొలాన్ 1824లో ఒక చప్పుడు గురించి రాశాడు. గుర్రపు జీను కొత్తతోలు కిర్రుమన్నట్టు గుండె దగ్గర ఒక గరగర వినిపిస్తుందని. మనకు జీనులు తెలియకపోయినా కొత్త తోలుచెప్పులు తెలుసు. తిత్తివాపులో రోగిని ముందుకు వంచి, స్టెతస్కోప్‌ను కాస్త గట్టిగా ఒత్తి వింటే ఆ కిర్రు దొరుకుతుంది. పొద్దున వినిపించింది సాయంత్రానికి మాయం కావచ్చు, మర్నాడు మళ్లీ రావచ్చు. అందుకే ఒక్కసారి విని ఊరుకునే చప్పుడు కాదిది.

ఈసీజీ దగ్గర మరో తేడా బయటపడుతుంది. ఇంట్లో ఒక గదిలో బల్బు పోతే ఆ గది వైరులో లోపం. అన్ని గదుల్లో బల్బులు ఒకేసారి మినుకుమంటే లోపం ఇల్లంతటికీ వచ్చే కరెంటులో. గుండెపోటులో మూసుకున్న రక్తనాళం మేరకే, ఆ వైపు గీతల్లోనే మార్పు వస్తుంది. తిత్తి గుండెనంతా చుట్టి ఉంటుంది కాబట్టి అది వాచినప్పుడు దాదాపు అన్ని గీతలూ ఒకే తీరులో పైకి లేస్తాయి. అందరిలో ఇంత స్పష్టంగా ఉండదు. అప్పుడు ఎకో పరీక్ష, రక్తపరీక్షలు తోడు రావాలి.

కారణాలంటారా, సంపన్న దేశాల్లో ఎక్కువభాగం వైరస్‌లు. జలుబో విరేచనాలో తగ్గిన వారం పది రోజులకు కుర్రవాళ్లలో ఈ నొప్పి మొదలవుతుంది. కిడ్నీలు చెడి రక్తంలో మలినాలు పేరుకున్నవాళ్లలో వస్తుంది. గుండెపోటు తర్వాతా, కీళ్లవాత జ్వరంలోనూ, లూపస్ లాంటి జబ్బుల్లోనూ, క్యాన్సర్ తిత్తిదాకా పాకినప్పుడూ వస్తుంది.

వైరస్ రకానికి మందు తేలిక. ఐబూప్రోఫెన్ లేదా ఆస్పిరిన్, దానికి తోడు కోల్చిసిన్ అనే మాత్ర, కొన్నాళ్లు బరువుపనులకు సెలవు. ఈ కోల్చిసిన్ కథ మన నల్లమలదాకా వస్తుంది. వానాకాలంలో అమ్రాబాద్ అడవిలోనో చేల కంచెల మీదో ఎరుపూ పసుపూ కలిసిన మంటల్లాంటి పూలతో ఒక తీగ పాకుతుంది. అగ్నిశిఖ, అడవినాభి అంటారు. దాని దుంపలోనూ గింజలోనూ ఉన్నది ఈ కోల్చిసినే. యూరప్‌లో దీన్ని వేరే మొక్కనుంచి తీసి కీళ్లనొప్పికి తరతరాలుగా వాడారు. ఇటలీ వైద్యుడు మాస్సిమో ఇమాజియో బృందం 2013లో 240 మంది తిత్తివాపు రోగుల మీద పరీక్షించి చూసింది. మామూలు మందులే వాడినవాళ్లలో నూటికి దాదాపు 38 మందికి జబ్బు తగ్గకపోవడమో తిరగబెట్టడమో జరిగితే, కోల్చిసిన్ కూడా వాడినవాళ్లలో అది నూటికి 17 మందికే. సగానికి పైగా తగ్గిందన్నమాట. అయితే ఆ దుంప తింటే ప్రాణం పోతుంది. చూడ్డానికి చిలగడదుంపలా ఉంటుంది, పిల్లలకు చూపించి హెచ్చరించండి. మిల్లీగ్రాములో సగం తూచి ఇచ్చే మాత్రకూ, గుప్పెట్లో పట్టే దుంపకూ మధ్య ఉన్న దూరం మందుకూ విషానికీ మధ్య ఉన్న దూరమే.

పాలమూరులో మొదట అనుమానించాల్సింది

ఇంతవరకు చెప్పినది ఏ దేశపు పుస్తకంలోనైనా దొరుకుతుంది. మన దగ్గర కథ ఇక్కడ మలుపు తిరుగుతుంది. మన దేశంలో తిత్తి వాచి నీరు చేరిన మనిషి ఎదురుగా కూర్చుంటే డాక్టరు మనసులోకి మొదట రావాల్సిన పేరు క్షయ. మనం టీబీ అంటాం. టీబీ అంటే దగ్గు, ఊపిరితిత్తులు అనే మనకు తెలుసు. కానీ ఆ జబ్బు క్రిమి ఊపిరితిత్తుల మధ్యనున్న బిళ్లగడ్డల్లోనూ దాక్కుంటుంది. ఆ గడ్డలు తిత్తికి గోడపక్క ఇళ్లలాంటివి. గోడ కూలితే పక్కింట్లోకి పడటమే. కొందరిలో రక్తం ద్వారా కూడా చేరుతుంది.

వైరస్ రకం గంటల్లో గుచ్చి లేపుతుంది. క్షయ రకం అలా కాదు, దొంగలా వస్తుంది. పొద్దుగూకే వేళకు సన్నటి జ్వరం, రాత్రి చెమట, ఆకలి చావడం, వారాల తరబడి ఒళ్లు కరిగిపోవడం. గుచ్చే నొప్పి కొందరికి అసలు ఉండదు. తర్వాత మెట్లెక్కితే ఆయాసం, కాళ్లవాపు. మనిషి దగ్గకపోవచ్చు. తెమడ పరీక్షలో ఏమీ రాకపోవచ్చు. తిత్తిలోంచి తీసిన నీటిలో కూడా క్రిమి తరచుగా దొరకదు, ఎందుకంటే అక్కడ ఉండేవి కొన్నే, మంట వాటిమీద ఒంటి ప్రతిఘటనది. అందుకే డాక్టర్లు నీటిలో ఏడీఏ అనే పదార్థం ఎంతుందో కొలుస్తారు, సీబీనాట్ అనే పరీక్ష చేస్తారు, అన్నీ కలిపి చూసి నిర్ణయిస్తారు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016 అక్టోబరు 11న జిల్లాలయ్యాయి. అంతకుముందు ఇవన్నీ మహబూబ్‌నగర్‌లో భాగం, అంటే పాలమూరు. కృష్ణా తుంగభద్రలు పక్కనే పారుతున్నా పొలం తడవని ఊళ్లనుంచి దేశమంతా ఆనకట్టలు కట్టడానికి పోయిన జనం వీళ్లు. 'పాలమూరు లేబర్' అన్నమాట అలా పుట్టింది. ఒకే రేకుల షెడ్డులో పదిమంది, కిటికీ లేని గది, అరకొర తిండి. క్షయకు ఇంతకన్నా ఏం కావాలి? రాళ్లు కొట్టే పని, బండ కోసే పని చేసి పొడి పీల్చినవాళ్ల ఊపిరితిత్తుల్లో అది మరీ సులువుగా పాతుకుంటుంది. అందుకని ఇక్కడ తిత్తివాపు సంగతి ఒక్క గుండె డాక్టరు సంగతి కాదు. అది వలస సంగతి కూడా.

తిత్తిలో నీళ్లు

బయటి పొర గట్టిదని చెప్పాను కదా, అదిప్పుడు శాపమవుతుంది. వాపు పెరిగి సందులో నీరు చేరేకొద్దీ ఆ పొర ఒక్కసారిగా సాగదు. 2009 అక్టోబరు మొదట్లో కృష్ణా తుంగభద్రలకు వచ్చిన వరద అలంపురం వాళ్లకు, అవతలి ఒడ్డున కర్నూలు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. అదే నీరు నాలుగు నెలల్లో మెల్లగా వస్తే ఎవరి గడపా మునిగేది కాదు. తిత్తి లెక్కా అంతే. నీరు నెలలమీద చేరితే పొర మెల్లగా సాగి లీటరు దాటినా తట్టుకుంటుంది. గంటల్లో చేరితే 150, 200 మిల్లీలీటర్లు చాలు, ఒక టీగ్లాసు నిండినంత, ప్రాణం మీదికి రావడానికి.

ఎందుకంటే గుండె పని కొట్టడం ఒక్కటే కాదు, ముందు నిండాలి. చుట్టూ నీరు నొక్కుతుంటే గుండె గదులు విచ్చుకోలేవు. నిండనిది ఏం పంపుతుంది? బీపీ పడిపోతుంది, మెడనరాలు ఉబ్బుతాయి, మనిషి చల్లబడతాడు. దీన్ని టాంపొనేడ్ అంటారు, మన మాటల్లో గుండెబిగింపు. జర్మన్ వైద్యుడు కుస్‌మౌల్ 1873లో ఒక గుర్తు వివరించాడు. ఇలాంటి రోగి ఊపిరి పీల్చినప్పుడల్లా మణికట్టు దగ్గర నాడి సన్నబడిపోతుంది. ఇరుకు మంచంమీద అన్నదమ్ములిద్దరు పడుకున్నట్టు ఊహించండి. ఒకడు కాళ్లు చాపితే రెండోవాడు ముడుచుకోవాల్సిందే. ఊపిరి పీల్చినప్పుడు గుండె కుడిభాగంలోకి రక్తం ఎక్కువ వస్తుంది. తిత్తి బిగిసి ఉంది కాబట్టి అది ఎడమభాగాన్ని నొక్కుతుంది, నాడికి వెళ్లే రక్తం తగ్గుతుంది.

వైద్యం మాత్రం చూసినవాళ్లు మరిచిపోలేనిది. రొమ్ముఎముక అంచు కిందనుంచి ఎకోలో చూసుకుంటూ సూది దించి నీరు తీస్తారు. మొదటి కొన్ని చెంచాలు బయటికి రాగానే రోగి ముఖం తేటపడుతుంది. బిగింపు ఎంత త్వరగా వచ్చిందో అంత త్వరగా వదులుతుంది.

ఒకప్పుడు ఇలాంటి అవసరానికి నాగర్‌కర్నూలు మనిషి మహబూబ్‌నగరో హైదరాబాదో, గద్వాల మనిషి తుంగభద్ర దాటి కర్నూలో పోవాల్సిందే. 2022 నవంబరు 15న వనపర్తిలోనూ నాగర్‌కర్నూలులోనూ ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఒకేరోజు మొదలయ్యాయి. ప్రతి జిల్లా ఆస్పత్రిలో రాత్రిపూట కూడా ఎకో చూడగల మనిషి ఉండాలని గట్టిగా అడగాల్సిన సమయం ఇది. యంత్రం ఒక్కటే ఉండి చూసేవాడు లేకపోతే టీగ్లాసుడు నీటికి మనిషి పోతాడు.

సున్నపు చిప్ప

క్షయవాపును సగంలో వదిలేస్తే, కొందరిలో పూర్తిగా వైద్యం చేసినా, తిత్తి ఇంకో రూపం ఎత్తుతుంది. నీరు ఇంకిపోతుంది, రెండు పొరలూ అతుక్కొని మందమవుతాయి, కొన్నేళ్లకు వాటిలో సున్నం పేరుకుంటుంది. ఎక్స్‌రేలో గుండె చుట్టూ తెల్లటి చిప్పలా కనిపిస్తుంది. కొబ్బరిచిప్పలో పిడికిలి ఇరుక్కుంటే ఎలాగో, గుండె అలా అయిపోతుంది.

ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. గుండె నిండలేక రక్తం వెనక్కి ఎగదన్ని కాలేయం ఉబ్బుతుంది, పొట్టలో నీరు చేరుతుంది. చూసినవాళ్లు 'లివర్ చెడిపోయింది, తాగుడు' అంటారు. ఎన్నడూ చుక్క ముట్టనివాడు కూడా తాగుబోతు ముద్ర వేసుకొని తిరుగుతాడు. ప్రేగ్‌లో ఫ్రీడెల్ పిక్ అనే వైద్యుడు 1896లోనే ఇలాంటి రోగుల గురించి రాశాడు, కాలేయం జబ్బులా కనిపించేది నిజానికి గుండెతిత్తి జబ్బని. తేడా పట్టించేది మెడ. పొట్ట ఉబ్బిన మనిషి కూర్చున్నప్పుడు కూడా మెడనరాలు తాడులా లేచి ఉంటే కాలేయం కన్నా ముందు గుండెను చూడాలి.

అప్పటికి మందులు చాలవు. శస్త్రవైద్యుడు ఆ చిప్పను గుండె మీదినుంచి ముక్కలు ముక్కలుగా ఒలవాలి. మటన్ దుకాణంలో ఒక్క గుంజుతో ఊడివచ్చే పొర ఇక్కడ గంటలు తీసుకుంటుంది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. పెద్ద ఆపరేషన్ అంటే ఆస్తి అమ్ముకోవడమే అనుకున్న కుటుంబాలకు ఆ కార్డు నిజంగానే ఊపిరి. అయినా ఒలిచేదాకా రాకుండా చూసుకోవడమే మేలు.

ఆరు నెలల మాత్రలు

రాకుండా చూసే మందు నాలుగు మాత్రల కలయిక. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్. మొదటి రెండు నెలలు నాలుగూ, తర్వాత నాలుగు నెలలు పైరజినమైడ్ తప్ప తక్కిన మూడూ. వీటిలో పైరజినమైడ్ క్షయమీద పనిచేస్తుందని 1952లో, ఇథాంబుటాల్‌ను 1961లో కనుగొన్నది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1948లో చనిపోయేదాకా పరిశోధనలు నడిపించిన చోటు అదే. వాపు తగ్గించడానికి స్టెరాయిడ్ కూడా ఇవ్వాలా అన్నది చాలాకాలం తేలని ప్రశ్న. దక్షిణాఫ్రికా వైద్యుడు బొంగాని మయోసి బృందం ఆఫ్రికాలో 1,400 మంది క్షయ తిత్తివాపు రోగుల మీద చేసిన పరీక్ష ఫలితాలు 2014లో వచ్చాయి. స్టెరాయిడ్ మరణాలను తగ్గించలేదు, చిప్పకట్టడాన్ని మాత్రం తగ్గించింది, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో క్యాన్సర్లు పెంచింది. కాబట్టి అది ఎవరికివ్వాలో డాక్టరు మనిషిని చూసి నిర్ణయించాలి.

మాత్రలు మొదలుపెట్టాక మూత్రం నారింజరంగులో వస్తుంది. అది రిఫాంపిసిన్ రంగు, భయపడొద్దు. కళ్లు పచ్చబడినా, చూపు మసకబడినా, వాంతులు ఆగకపోయినా మాత్రం వెంటనే డాక్టరును కలవాలి. రెండు నెలలకే ఆకలి పుడుతుంది, ఆయాసం పోతుంది, మనిషి లేచి తిరుగుతాడు. అసలు ప్రమాదం అప్పుడే. సరిగ్గా అప్పుడే మేస్త్రీ ఫోన్ చేస్తాడు, పుణెలో పని ఉందని, అడ్వాన్సు ఇస్తానని. బస్సు ఎక్కిన మనిషి మాత్రల సంచి దూలానికి వేలాడదీసి పోతాడు. క్రిమి చావలేదు, తిత్తి ఆరలేదు.

అలాగని పనికి పోవద్దని మీకు చెప్పను, చెప్పే హక్కు నాకు లేదు. పోయే ముందు మీ ఊరి ఆశా కార్యకర్తను అడిగి టీబీ రోగులకిచ్చే నిక్షయ్ నంబరు రాయించుకోండి. ఆ నంబరుతో దేశంలో ఏ రాష్ట్రంలోని ప్రభుత్వాస్పత్రిలోనైనా మీ వైద్యాన్ని అక్కడికి మార్చుకోవచ్చు, మాత్రలకు పైసా అడగరు. తిండికోసం నెలకు 500 రూపాయలుగా 2018లో మొదలైన సాయం 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలైంది, అది మీ ఖాతాలోనే పడుతుంది. దారి తెలియకపోతే 1800-11-6666కు ఫోన్ చేయండి, ఖర్చు లేదు. ముంబై బండి ఎక్కే సంచిలో రొట్టెలమూట పక్కన ఆ మాత్రల సంచి కూడా పెట్టుకోండి.